గేటు దగ్గర కూర్చోకముందే చేయాల్సిన పని

ప్రశ్న ఇదీ: "జడ్చర్ల అవతల హైవే పక్కన కాస్టింగులు పోసే ప్లాంటులో మా నాన్న 18 ఏళ్లుగా పనిచేస్తున్నారు. పర్మినెంట్ వాళ్లు 180 మంది, కాంట్రాక్టు వాళ్లు 250 దాకా ఉంటారు. మూడు నెలల నుంచి రెండో షిఫ్టు లేదు. ప్లాంటును గుజరాత్‌కు తీసుకుపోతారని అంటున్నారు. యాజమాన్యం నోరు విప్పడం లేదు. యూనియన్‌లో కొందరు సమ్మెకు దిగుదామంటున్నారు. ప్లాంటు పోకుండా మేమేమైనా చేయగలమా?"

తమ్ముడూ, ముందు నా సంగతి చెప్తాను, ఆ తర్వాత నా మాట ఎంతవరకు వినాలో నువ్వే తేల్చుకో. పాలమూరు దిక్కు ఒక నూలు మిల్లులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. రింగ్‌ఫ్రేముల (నూలు వడికే మెషీన్లు) దగ్గర చేరాను, చివరి పదకొండేళ్లు యూనియన్ సెక్రటరీగా ఉన్నాను. మెమొరాండాలు రాసీ రాసీ నా తెలుగు కూడా కాగితం తెలుగైపోయింది, ఏమనుకోకు. మా మిల్లును మూయకుండా ఒకసారి ఆపగలిగాం. రెండోసారి ఆపలేకపోయాం. మొదటిసారి మేం చేసిన మంచి పనులకన్నా, అప్పుడు చేసిన తప్పులే నీకు ఎక్కువ పనికొస్తాయి.

సమ్మె మాట ముందు. వద్దు. సమ్మె చెడ్డదని కాదు, నేనే మూడు చేయించాను. సరుక్కి గిరాకీ ఉండి, ఆర్డర్లు మీద పడి, ఒక్కరోజు ప్లాంటు ఆగితే యజమానికి గుండె ఆగిపోయే కాలంలో చేస్తేనే సమ్మెకు బలం. ఆయనే మూయాలని చూస్తుంటే, నువ్వు సమ్మె చేయడమంటే ఆయన పని నువ్వు చేసిపెట్టడమే. రేపు అధికారుల ముందు "మేం నడుపుదామనే ఉన్నాం, వీళ్లే నడవనివ్వలేదు" అని చెప్పడానికి నీ సమ్మె నోటీసే ఆయనకు సాక్ష్యం. మా చిన్నాయన బొంబాయి మిల్లులో సాంచాల దగ్గర పనిచేశాడు. 1982 జనవరి 18న అక్కడ మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది దిగారు, అది ముగిసిందని ఎవరూ ప్రకటించనే లేదు. ఆ మిల్లుల జాగాల్లో ఇప్పుడు మాల్సు, టవర్లు ఉన్నాయి. చిన్నాయన ఊరికి తిరిగొచ్చి మళ్లీ మగ్గం గుంటలో కూర్చున్నాడు. పైగా 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు ఏ ఫ్యాక్టరీలోనైనా 14 రోజుల ముందు నోటీసు లేకుండా సమ్మె చేయకూడదు. సగం మంది కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా దాన్ని సమ్మె కిందనే లెక్కేస్తారు. రాజీ చర్చలు నడుస్తుండగా చేస్తే అదీ చట్టవిరుద్ధమే.

సమ్మెకు బదులు వివాదం వేయండి. రెండో షిఫ్టు ఆపడం, దానివల్ల తగ్గిన సంపాదన, పని ఇవ్వకుండా కూర్చోబెట్టిన రోజులకు రావాల్సిన లేఆఫ్ పరిహారం (బేసిక్, డీఏ కలిపి అందులో సగం), వీటి మీద లేబర్ డిపార్ట్‌మెంట్‌లో రాజీ అధికారికి కాగితం పెట్టండి. ఆ వివాదం నడుస్తున్నంత కాలం, దానికి సంబంధించిన విషయాల్లో మీ సర్వీసు షరతులను యాజమాన్యం తనంతట తాను మార్చడానికి వీల్లేదు. రోడ్డెక్కి అరిచేదానికన్నా ఇది చప్పగా కనిపిస్తుంది. కుర్రవాళ్లకు నచ్చదు. కానీ యాజమాన్యం మనిషి వచ్చి అధికారి ముందు కూర్చుని సంతకం పెట్టి ఏదో ఒకటి చెప్పక తప్పదు. మీకిప్పుడు కావాల్సింది అదే, ఆయన నోటి మాట కాగితం మీదికి రావడం.

ఇక అసలు పని. ఎందుకు మూస్తున్నారో తెలియకుండా "మూయొద్దు" అనకండి. మేం చేసిన మొదటి తప్పు అదే. నాలుగు నెలలు "మిల్లును కాపాడాలి" అని గోడల మీద రాసుకుంటూ తిరిగాం. ఎవరి నుంచి కాపాడాలో, దేని నుంచి కాపాడాలో మాకే తెలియదు. ప్లాంటు మూతకు కారణాలు లోపల చూస్తే నాలుగైదుకు మించి ఉండవు. సరుకు అమ్ముడుపోకపోవడం, ఖర్చు పెరగడం, బ్యాంకు అప్పు మెడకు చుట్టుకోవడం, వేరేచోట కొత్త ప్లాంటు పెట్టుకోవడం. మన హైవే మీద ఇంకోటి ఉంది, అది జాగా. షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా ఎకరం ధర ఎక్కడికి పోయిందో నీకు చెప్పాలా? నలభై ఎకరాల్లో ఫర్నేసులు పెట్టుకుని ఏడాదికి మిగుల్చుకునేదానికంటే, ఫర్నేసులు పీకేసి గోడౌన్లకు ఇస్తే ఎక్కువొస్తుందని లెక్కేసేవాడికి, "మేం ఇంకా ఎక్కువ పనిచేస్తాం" అని చెప్పి ఏం లాభం? వరంగల్ ఆజంజాహీ మిల్లు 1934లో పుట్టింది, 2002లో మూతపడింది, దాని జాగా ప్లాట్లయింది. అక్కడివాళ్లను అడుగు, చివరికి ఏది విలువైనదని తేలిందో చెప్తారు.

కారణం కనుక్కోవడం అనుకున్నంత కష్టం కాదు. కంపెనీ పేరుమీద కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వంద రూపాయలు కడితే బ్యాలెన్స్ షీట్లు, ఆస్తుల మీద ఏ బ్యాంకుకు ఎంత తాకట్టు ఉందో చూడొచ్చు. నష్టం నిజంగా మీ ప్లాంటుదా, లేక ఇదే యజమానుల ఇంకో కంపెనీకి సరుకు చవగ్గా అమ్మినట్టు చూపించడం వల్ల వచ్చిన నష్టమా అన్నది అందులో "సంబంధిత పార్టీల లావాదేవీలు" అనే చోట బయటపడుతుంది. డిగ్రీలో కామర్స్ చదివిన పిల్లలు మీ కాలనీలో ఉంటారు, వాళ్లను కూర్చోబెట్టు. షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ అయితే, ఒక యూనిట్ మూస్తున్నామన్న సంగతి ఎక్స్ఛేంజీకి చెప్పాలి, అక్కడ వెతకండి. గుజరాత్ సంగతి కూడా అక్కడే తేలొచ్చు. భూమి ఇండస్ట్రియల్ కార్పొరేషన్ ఇచ్చిందైతే కేటాయింపు పత్రంలో ఏ షరతులు ఉన్నాయో సమాచార హక్కు కింద అడగండి. జిల్లా పరిశ్రమల కేంద్రం నుంచి ఏయే రాయితీలు తీసుకున్నారు, ఎన్నేళ్లు ఉత్పత్తి నడపాలని ఒప్పుకున్నారు, అదీ అడగండి. ప్రైవేటు కంపెనీ మీకు జవాబు చెప్పకపోవచ్చు గానీ, అది ప్రభుత్వానికి ఇచ్చుకున్న కాగితాలు చాలావరకు మీకూ దొరుకుతాయి. ముప్పై రోజులు పడుతుంది, అందుకే ఈ దరఖాస్తులు ఈ వారంలోనే పడాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, షాప్ ఫ్లోర్ ఒక ఎత్తు. మీది కాస్టింగుల ప్లాంటు కాబట్టి నాన్నను రెండు విషయాలు అడుగు. ఒకటి, ప్యాటర్న్‌లు, అంటే ఇసుకలో అచ్చు తీసే నమూనాలు. అవి చాలావరకు కస్టమర్ సొత్తు. అరల్లో ఉన్న ప్యాటర్న్‌లు ఒక్కొక్కటే "రిపేరుకు" అని బయటికి పోయి తిరిగి రావడం లేదంటే, ఆ ఆర్డర్ ఇంకెక్కడో పోత పోస్తున్నట్టే. రెండు, ఫర్నేసు లైనింగ్, అంటే వేడికి తట్టుకునే లోపలి పూత. అరిగిన లైనింగ్‌ను కొత్తగా వేయించకుండా అతుకులతో నెట్టుకొస్తున్నారంటే, ఆ ఫర్నేసు మీద యజమానికి ఏడాది ఆశ కూడా లేదన్నమాట. మా మిల్లులో ఇవే గుర్తులు వేరే రూపంలో కనిపించాయి. మూడో నంబర్ రింగ్‌ఫ్రేములో బెల్టు తెగితే స్టోర్‌లో కొత్తది అడక్కుండా ఏడో నంబర్ నుంచి విప్పి వేయమన్నారు. ఏడో నంబర్ ఆగిపోయింది. వారానికి దాని స్పిండిళ్లు పోయాయి. ఒక మెషీన్‌ను కోసి ఇంకో మెషీన్‌కు తినిపిస్తుంటే, మేం "మెయింటెనెన్స్ వాళ్లు తెలివైనవాళ్లు, పైసలు మిగిలిస్తున్నారు" అనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఆ రాత్రి సంగతి చెప్తాను. 2013 ఎండాకాలం. అంతకు ముందు ఏడాదంతా పవర్ హాలిడేలు. నూలు మిల్లుకు కరెంటు పోవడమంటే దీపాలు ఆరడం కాదు. పోయి వచ్చిన ప్రతిసారీ వేల దారాలు తెగి వేలాడతాయి, ఒక్కొక్కటీ అతికేసరికి గంట పోతుంది, ఆ గంట నూలు చెత్తలోకి పోతుంది. నష్టాలు నిజమేనని మాకూ తెలుసు. రాత్రి పదకొండున్నరకు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "అన్నా, ట్రైలర్ వచ్చింది, ఆటోకోనర్ విప్పుతున్రు." కోన్ వైండింగ్‌లో ఆ ఆటోకోనరే మా మిల్లులో అన్నిటికన్నా కొత్త మెషీన్. నేను పోయేసరికి క్వార్టర్స్‌లో ఉండే ఆడవాళ్లు పదిహేను మంది అప్పటికే ట్రైలర్ ముందు చాపలేసుకుని కూర్చున్నారు. ఒకామె చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని పాలిస్తోంది. డ్రైవర్ తమిళ మనిషి, పాపం ఏమీ అర్థంకాక బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు.

నేను ఒక్కటే అడిగాను, "గేట్ పాస్ చూపెట్టు." చూపించాడు. రిటర్నబుల్ గేట్ పాస్, అంటే పోయి తిరిగి రావాల్సిన సరుకుకు ఇచ్చేది. కారణం, "రిపేరు నిమిత్తం". సరే, రిపేరుకు పోయేదానికి ఇన్వాయిస్ ఎందుకుంటుంది? డ్రైవర్ దగ్గర అదీ ఉంది. అందులో కోయంబత్తూరు పార్టీ పేరు, అమ్మకం ధర, పన్ను. ఒకే మెషీన్, ఒకే రాత్రి, ఒక కాగితంలో రిపేరుకు పోతోంది, ఇంకో కాగితంలో అమ్ముడుపోయింది. మా జిరాక్స్ షాపాయన్ని నిద్ర లేపి రెండూ కాపీ తీయించాం. పోలీసులు వచ్చారు, ఎస్ఐ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, "తెల్లారి మాట్లాడుకోండి, బండి మాత్రం ఇప్పుడు కదలొద్దు" అన్నాడు. మిల్లు మూయడానికి యాజమాన్యం ప్రభుత్వ అనుమతి అడిగితే, దాని మీద తర్వాత హైదరాబాద్‌లో జరిగిన విచారణలో ఆ రెండు జిరాక్సులే మా తరఫు సగం వాదన.

అందుకే చెప్తున్నా, ప్రచారం అంటే ముందు కాపలా. మెషీన్ గేటు దాటిందా, ఆ తర్వాత నువ్వు కాపాడేది రేకుల షెడ్డునే. మూడు షిఫ్టులకూ మనుషులను పెట్టండి. గొడవ చేయనక్కర్లేదు, లోపలికి వచ్చే బండి నంబర్, బయటికి పోయే సరుకు, టైము ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఇప్పుడైతే ఈ-వే బిల్ ఉంటుంది, డ్రైవర్‌ను మర్యాదగా అడిగితే చూపిస్తాడు. ఒక్క జాగ్రత్త. బండికి చెయ్యి తగలనివ్వకండి, అద్దం ఒక్కటి పగిలినా మర్నాటి నుంచి కథ మొత్తం ఆ అద్దం గురించే నడుస్తుంది.

చట్టం సంగతి. ఇక్కడ మీకు ఒక చిక్కుంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. మా కాలంలో వందమంది దాటిన ఫ్యాక్టరీ మూయాలంటే పారిశ్రామిక వివాదాల చట్టం 25-ఓ సెక్షన్ కింద ప్రభుత్వ అనుమతి కావాలి. మేం 340 మంది పర్మినెంట్‌లం, కాబట్టి అడక్కుండా మూసే వీల్లేకపోయింది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ వంద 300 అయింది. అంటే 300 మందో అంతకన్నా ఎక్కువో ఉంటేనే 90 రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి, ఒక కాపీ కార్మికుల ప్రతినిధులకు ఇవ్వాలి, ప్రభుత్వం ఇద్దరి మాటా విని తేల్చాలి. 60 రోజుల్లో ఏ సంగతీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే. ఆ 60 రోజుల గడువును మర్చిపోవద్దు, ఫైలు టేబుల్ మీద నిద్రపోయినా యజమాని గెలిచినట్టే. 300 లోపు ఉండి, 50 దాటితే కేవలం 60 రోజుల నోటీసు చాలు, అనుమతి అక్కర్లేదు.

మీ దగ్గర పర్మినెంట్ వాళ్లు 180. యాజమాన్యం "మేం 300 లోపే" అంటుంది, చూస్తుండు. కాంట్రాక్టు వాళ్లతో కలిపితే 430. ఫర్నేసు దగ్గర, మోల్డింగ్ దగ్గర, ఫెట్లింగ్ (పోసిన కాస్టింగులను గీకి శుభ్రం చేసే పని) దగ్గర పనిచేసే మనిషిని కాంట్రాక్టర్ మనిషి అని ఎలా అంటారు? అది కంపెనీ అసలు పని. అసలు పనుల్లో కాంట్రాక్టు లేబర్‌ను పెట్టకూడదని వృత్తి భద్రత కోడ్ చెప్తోంది, కొన్ని మినహాయింపులు ఉన్నా. కాబట్టి వాళ్లు నిజానికి కంపెనీ కార్మికులేనని, వాళ్లతో కలిపే లెక్క కట్టాలని మీ వాదన ఉండాలి. గెలుస్తారా అంటే అది లాయర్ చూడాల్సిన పని, మంచి లేబర్ లాయర్‌ను ఇప్పుడే పట్టుకోండి. కానీ దానికి సాక్ష్యాలు మీ చేతుల్లో ఉన్నాయి. షిఫ్టు రోస్టర్లు, కాంట్రాక్టు వాళ్లకు కంపెనీ సూపర్‌వైజర్ పని చెప్పిన వాట్సాప్ మెసేజ్‌లు, క్యాంటీన్ కూపన్లు, ఈఎస్ఐ కార్డులు. అన్నీ ఫొటో తీసిపెట్టుకోండి.

ఇక్కడ మన యూనియన్ల పాపం ఒకటుంది, ఒప్పుకోవాలి. కాంట్రాక్టు వాళ్లను ఎప్పుడూ పక్కన కూర్చోబెట్టుకోలేదు. మూసేటప్పుడు మొదట వాళ్లనే పంపించేస్తారు, మనం "ముందు వాళ్లే కదా" అని ఊరుకుంటాం. ఆ నెలలోనే మన లెక్క 430 నుంచి 180కి పడిపోతుంది. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన ఆ పిల్లలను చూసినప్పుడు నాకు మా తాతలే కనిపిస్తారు. దేశంలో ఏ డ్యామ్ కట్టినా, ఏ కాలువ తవ్వినా "పాలమూరు లేబర్" అని మనవాళ్లను లారీల్లో ఎక్కించుకుపోయేవాళ్లు. వాళ్ల పేర్లు మన మెమొరాండంలో ఉండాలి, వాళ్ల భాషలో ఒక కరపత్రమైనా ఉండాలి.

కోర్టు గురించి ఒక్క మాట. "నా కంపెనీ, నా ఇష్టం, మూసుకుంటా" అని ఎవరైనా అంటే అది సగమే నిజం. 1978లో ఎక్సెల్ వేర్ కేసులో సుప్రీంకోర్టు పాత 25-ఓను కొట్టేసింది, వ్యాపారం చేసే హక్కులో మూసుకునే హక్కు కూడా ఉందని. తర్వాత పార్లమెంటు దాన్ని సవరించి తెచ్చింది, ఆ సవరించిన సెక్షన్‌ను 2002లో ఒరిస్సా టెక్స్‌టైల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం నిలబెట్టింది. మూసుకునే హక్కు ఉంది, దానికి హద్దులూ ఉన్నాయి. కోర్టు ప్లాంటు నడపదు, టైము మాత్రం ఇస్తుంది. ఆ టైములో ఏం చేస్తావన్నది నీ చేతిలో ఉంది.

మూసివేత యజమానికి ఎంత చౌకో లెక్కేసి చూపిస్తాను. నాన్నకు 18 ఏళ్ల సర్వీసు. మొత్తం జీతం 16 వేలు, అందులో బేసిక్, డీఏ కలిపి 13 వేలు అనుకుందాం. గ్రాట్యుటీ అంటే 13 వేలను 26తో భాగించి, 15తో, 18తో గుణించాలి. 1,35,000. మూసివేత పరిహారం ఏడాదికి 15 రోజుల సగటు జీతం, కొత్త కోడ్‌లో అదీ బేసిక్, డీఏ మీదే, అంటే సుమారు ఆరున్నర వేలు, 18 ఏళ్లకు 1,17,000. రెండూ కలిపి 2,52,000. ఒక మనిషి జవానీ మొత్తానికి చట్టం కట్టిన ధర అది, మీ ప్లాంటు పక్కన పావు గుంట జాగా వస్తుందో రాదో. అందుకే పరిహారం దగ్గర బేరం మొదలుపెట్టకండి. మేం మొదటి మీటింగ్‌లోనే "మూస్తే ఎంత ఇస్తారు?" అని అడిగిన మనిషిని పంపాం. అవతలివాళ్లు అప్పుడే నవ్వుకున్నారు. ధర అడిగావంటే అమ్మకానికి ఒప్పుకున్నట్టే కదా.

మరి ఏం అడగాలి? నడిపే దారి అడగాలి, అది మీరే చూపించాలి. మా విచారణలో యాజమాన్యం "కరెంటు ఖర్చుకు తట్టుకోలేం" అంది. మేం మా రింగ్‌ఫ్రేము మేస్త్రీలను కూర్చోబెట్టి లెక్కేశాం. పాత ఫ్రేములు ఆపేసి, కొత్త పదహారు ఫ్రేములే మూడు షిఫ్టులు నడిపితే కిలో నూలుకు యూనిట్లు ఎంత తగ్గుతాయో, వేస్ట్ ఎంత తగ్గుతుందో మూడు పేజీలు రాశాం. చేతిరాతతోనే. ఆ మూడు పేజీలను విచారణ అధికారి రెండుసార్లు తిరగేశాడు. మీ దగ్గరైతే టన్ను ఇనుము కరిగించడానికి ఎన్ని యూనిట్లు పడుతున్నాయో అడుగు. మంచి ఇండక్షన్ ఫర్నేసు 550 నుంచి 650 దాకా తింటుంది. మీది ఎనిమిది వందలు తింటుంటే, అచ్చులు సిద్ధంకాక కరిగిన లోహం ఫర్నేసులోనే మరుగుతూ కూర్చుంటోందన్నమాట. ఆ సంగతి ఎండీకి తెలియకపోవచ్చు, మీ నాన్నకు తెలుసు. ఎన్ని కాస్టింగులు రిజెక్ట్ అవుతున్నాయి, ఎందుకవుతున్నాయి, అదీ ఆయనకు తెలుసు. కార్మికుడి దగ్గరున్న ఈ తెలివిని ఏ కన్సల్టెంటూ తీసుకురాలేడు. కానీ మనమే దాన్ని కాగితం మీద పెట్టం.

ఊరి సంగతి. ప్లాంటు పోతే మీకు ఉద్యోగాలు పోతాయి. ఊరికి ఏం పోతుందో ఊరికి తెలియదు, లెక్క చెప్పాలి. 430 మందికి సగటున 14 వేలు వేసుకున్నా నెలకు 60 లక్షలు. అది కిరాణాకు, రూమ్ కిరాయిలకు, హోటళ్లకు, ఆటోలకు, చిట్టీలకు, స్కూలు ఫీజులకు పోయే సొమ్ము. లారీ ఓనర్లను పిలువు, స్క్రాప్ తెచ్చేవాళ్లను పిలువు, కిరాయికి గదులు కట్టుకుని బ్యాంకు కిస్తీలు కడుతున్నవాళ్లను తప్పకుండా పిలువు, వాళ్లకు మీకన్నా భయం ఎక్కువుంటుంది. గ్రామ పంచాయతీ తీర్మానం చేయించండి. ప్లాంటుకు భూమి ఇచ్చిన కుటుంబాలు ముందు వరుసలో ఉండాలి. "ఉద్యోగాలొస్తాయని ఎకరం ఇంతకిచ్చినం" అని ఆ ముసలాయన చెప్తే ఏ కలెక్టరైనా తలెత్తి వింటాడు, యూనియన్ సెక్రటరీ చెప్తే ఫైలు వైపు చూస్తాడు.

అయితే ఒకటి. మీ ప్లాంటు పొగ, ఇసుక దుమ్ము ఊరి మీద పడుతుంటే, పత్తిచేలు నల్లబడుతుంటే, ఊరు మీతో రాదు, రాకపోవడమే న్యాయం. పోలేపల్లి చుట్టుపక్కల ఫార్మా నీళ్ల మీద ఎన్ని గొడవలయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. నల్లగొండ దిక్కు రామన్నపేటలో 2024లో సిమెంట్ గ్రైండింగ్ యూనిట్ రావొద్దని ఊళ్లకు ఊళ్లే లేచాయి. ఉద్యోగాల పేరు చెప్పి దుమ్మును మింగమనడం కుదరదు. కాబట్టి మీ డిమాండ్లలో దుమ్ము పట్టే ఫిల్టర్లు, చెరువులోకి పోయే నీళ్ల సంగతి ముందే చేర్చండి. మా మిల్లులో కాటన్ దుమ్ము లోపలే ఉండేది, మా ఊపిరితిత్తుల్లోనే. అందుకు ఊరికి మామీద కోపం లేదు. అదొక్కటే దాని వల్ల మాకు కలిగిన లాభం.

నాయకుల గురించి ఎక్కువ చెప్పను. ఎమ్మెల్యే వస్తాడు, టెంట్ కింద కూర్చుంటాడు, మాట్లాడతాడు, పోతాడు. ఆయన్ను ఉపన్యాసం అడక్కండి, ఫలానా తేదీలోపు పరిశ్రమల శాఖతో, యాజమాన్యంతో ఒక్క ఉమ్మడి మీటింగ్ ఇప్పించమని అడగండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇచ్చే కాగితం ఒక్క పేజీ దాటొద్దు. టెంట్‌లో ఏ పార్టీ జెండా కట్టినా మిగతా పార్టీల వాళ్లు ఆ గేటు ముందునుంచి బండి ఆపకుండా పోతారు. మేం అన్ని జెండాలూ కట్టనిచ్చాం, ఎవరిదీ పెద్దది కాకుండా చూసుకున్నాం. ఆ సైజుల పంచాయితీకే ఒక మనిషిని పెట్టాల్సి వచ్చింది.

బ్యాంకు అప్పు వల్ల కంపెనీ ఎన్సీఎల్టీకి (దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) పోతే ఆట మారుతుంది. అప్పుడు యజమానితో మాట్లాడి లాభం లేదు, కంపెనీని చూసుకోవడానికి అక్కడ నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్ దగ్గర ప్రతి కార్మికుడి బకాయి క్లెయిమ్ పడాలి. ఒక్కొక్కరైతే ఫారం డి, అందరి తరఫున ప్రతినిధి వేస్తే ఫారం ఇ. కంపెనీని అమ్మి అప్పులు తీర్చే పరిస్థితి వస్తే, అంతకుముందు 24 నెలల కార్మికుల బకాయిలు తాకట్టున్న బ్యాంకులతో సమానంగా నిలబడతాయి. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు అసలు ఆ ఆస్తుల కుప్పలోకే రావు. అక్కడితో ప్లాంటు చచ్చిపోయిందని అనుకోవద్దు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగింది. నాలుగేళ్లు ఆ టౌన్ ఎండిపోయింది. ఎన్సీఎల్టీ ద్వారా కొత్త యజమాని జేకే పేపర్ వచ్చి, ప్రభుత్వం రాయితీలు ఇచ్చి, 2018లో మళ్లీ తెరుచుకుంది. అదే 2014లో మూతపడ్డ మంగపేట దగ్గరి కమలాపురం రేయాన్స్ ఫ్యాక్టరీ, రాయితీలు ప్రకటించినా తెరుచుకోలేదు. రెండుచోట్లా కార్మికులు కొట్లాడారు. ఒకచోట కొనేవాడు దొరికాడు, ఇంకోచోట పాత అప్పులవాళ్ల చేతిలోనే తాళంచెవి ఉండిపోయింది. కొనేవాడిని వెతకడం కూడా ప్రచారంలో పనే. మీ కస్టమర్లు ఎవరో నాన్నకు తెలుసు, డిస్పాచ్ బోర్డు మీద పేర్లుంటాయి. వాళ్లకు ఒక ఉత్తరం రాయండి, సరుకు ఆగితే మీకేం నష్టమని.

మా కథ ఎలా ముగిసిందంటే, విచారణ సగంలో యాజమాన్యం దరఖాస్తు వెనక్కి తీసుకుంది. 12(3) సెటిల్మెంట్, అంటే రాజీ అధికారి ముందు ఒప్పందం, రాసుకున్నాం. 340 మందిలో 210 మంది మిగిలారు. 130 మంది చట్టం చెప్పినదానికన్నా ఎక్కువ తీసుకుని వెళ్లారు, వాళ్లలో కొందరు ఇప్పటికీ నన్ను చూస్తే పక్క సందులోకి తిరుగుతారు. ఆటోకోనర్ అమ్మకం రద్దయింది. మిల్లు ఇంకో ఏడేళ్లు నడిచి 2020 లాక్‌డౌన్ తర్వాత మూతపడింది, అప్పుడు ఎవరి ఒంట్లోనూ కూర్చునే శక్తి లేదు. ఏడేళ్లు చిన్నవి కావు. ఆ రాత్రి ట్రైలర్ ముందు ఒళ్లో ఉన్న చంటిది అప్పటికి మిల్లు క్వార్టర్స్ నుంచే మూడో తరగతికి పోతోంది.

ఇంట్లో పని మర్చిపోకు. నాన్న పీఎఫ్ పాస్‌బుక్ ఈరోజే ఆన్‌లైన్‌లో తెరిచి, ఈ ఆరు నెలల్లో కంపెనీ వాటా పడిందో లేదో చూడు. పడకపోతే అదే అన్నిటికన్నా ముందు కాగితం, పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టండి. జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ దొరికినన్ని జిరాక్స్ తీసి ప్లాంటు బయట ఎక్కడైనా దాచండి. ఈఎస్ఐ కట్టేవాళ్లకు ప్లాంటు మూతపడి ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతి ఇచ్చే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది, దాని అర్హతలు ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఆఖరి రోజు వస్తే, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని కొత్త వేతన కోడ్ చెప్తోంది.

ప్యాటర్న్ షాపులో ఎన్ని అరలు ఖాళీగా ఉన్నాయో, ఏ కస్టమర్‌వి పోయాయో నాన్న రేపు డ్యూటీ దిగాక రాసి ఇస్తే ఇక్కడే పెట్టు. అది చూశాక గుజరాత్ మాట నిజమో కాదో ఇద్దరం కూర్చుని లెక్కేద్దాం.